మిషన్ ఆసుపత్రిలో ఒక మరణం: క్రైస్తవ వైద్య ఉత్కంఠ నవలను మెట్టుమెట్టుగా రాయడం

తెల్లవారుజామున 5 గంటలకు, మంచం మీది ముసలాయనకు వాంతులు ఆగడం లేదని ఆయా కేక వేసింది. పరుగున వచ్చిన డ్యూటీ డాక్టరు చెయ్యి పట్టుకుని చూస్తే నాడి నిమిషానికి 38 మాత్రమే కొట్టుకుంటోంది. "రెండింటికి పల్స్ ఎంతుంది సిస్టర్?" అని అడిగాడు. ఆ రాత్రి పక్క వార్డులో కాన్పు కష్టమై అందరితోపాటు అటు పరుగెత్తిన స్టాఫ్ నర్సు రెండు గంటలకు ఈ వార్డులోనే లేదు, చార్టులో ఆ గడి ఖాళీగా ఉంది. "డెబ్బై ఆరు సార్" అన్నది. ఆయన ఈసీజీ మిషను వైపు తిరగగానే ఆ గడిలో 76 అని రాసి సంతకం పెట్టింది. ఏడు గంటలకు రోగి చనిపోయాడు. రెండు రోజుల తరువాత వచ్చే ఆదివారం ఆరాధనలో ఆ డాక్టరుకూ ఆ నర్సుకూ మొదటి పెళ్ళి ప్రకటన చదవవలసి ఉంది.

క్రైస్తవ వైద్య ఉత్కంఠ నవల రాయాలనుకునేవారికి నేను ముందుగా చూపించే దృశ్యం ఇది. హత్య, వైద్యం, ప్రేమ, విశ్వాసం అనే నాలుగూ ఇక్కడ ఒక్క అంకె మీద వచ్చి ఆగాయి. ఈ రకం రచనలో చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, ఒక ఆసుపత్రి కథ రాసుకుని, దానికి ఒక ప్రేమకథను అంటుకట్టి, చివరి అధ్యాయంలో నాలుగు బైబిలు వాక్యాలు అద్దడం. నా మొదటి ప్రయత్నమూ అలాంటిదే. ఉపవాస ప్రార్థన జరుగుతుండగా హంతకుడు కుప్పకూలి తప్పు ఒప్పుకున్నట్టు రాశాను, అది చదివిన ఒక రిటైర్డు నర్సు, "ప్రార్థన సంగతి సరే బాబూ, ఆ రాత్రి కేస్ షీటు ఎవరూ చూడలేదా?" అని అడిగింది. ఆమె మాటనుంచే నాకు ఒక సూత్రం దొరికింది: హంతకుణ్ణి పట్టించవలసింది కేస్ షీటు, ప్రార్థన కాదు. ప్రార్థన చేయవలసిన పని వేరే ఉంది, దాని గురించి ఆరో మెట్టులో చెబుతాను. ఈ మార్గదర్శి పొడవునా పై ఊహాకథనే పట్టుకుని నడుస్తాను.

మొదటి మెట్టు: ఆసుపత్రినీ సంఘాన్నీ ఎంచుకోవడం

కార్పొరేటు ఆసుపత్రి కంటే పాత మిషన్ ఆసుపత్రి ఈ కథకు బాగా ఒదుగుతుంది, ఎందుకంటే అక్కడ చాపెలూ, క్వార్టర్సూ, నర్సింగు స్కూలూ, సమాధుల తోటా ఒకే ప్రహరీ లోపల ఉంటాయి, పాత్రలు ఒకరినుంచి ఒకరు తప్పించుకోలేరు. తెలుగునాట ఇందుకు నిజమైన చరిత్ర ఉంది. అమెరికన్ లూథరన్ మిషనరీ డాక్టరు అన్నా సారా కుగ్లర్ 1883లో గుంటూరుకు వచ్చి, స్త్రీల కోసం 1898లో ఆసుపత్రి తెరిచి, 1930లో మరణించేవరకు అక్కడే ఉన్నది. నిజామాబాదు దగ్గర డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ 1915లో కుష్ఠు రోగుల ఆసుపత్రిని నెలకొల్పింది. మన రాయలసీమ రోగులు ఈనాటికీ రైలెక్కి వెళ్ళే వెల్లూరు ఆసుపత్రి పుట్టుక వెనుక, ఒకే రాత్రి ముగ్గురు స్త్రీలు కాన్పులో చనిపోవడం చూసి డాక్టరు కావాలని నిశ్చయించుకున్న ఐడా స్కడర్ ఉన్నది. ఈ చరిత్రను పీఠికగా కుక్కవద్దు. వరండాలో వేలాడే ఒక దొరసాని ఫోటోగా, రాతిమీద చెక్కిన పేరుగా కథలోకి రానివ్వండి. మీ ఆసుపత్రి మాత్రం కల్పితమై ఉండాలి, హత్య జరిగే చోటుకు నిజమైన పేరు పెట్టడం అన్యాయం.

సంఘం ఏదో మొదటి పేజీకి ముందే తేల్చుకోండి, ఎందుకంటే భాష మొత్తం దానిమీదే ఆధారపడుతుంది. కథోలికుల ఇంట జ్ఞానస్నానం, దివ్యబలి పూజ, ఫాదర్, పాపసంకీర్తనం ఉంటాయి. లూథరన్, సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం), బాప్తిస్టు వంటి ప్రొటెస్టెంటు ఇళ్ళలో బాప్తిస్మం, ఆరాధన, అయ్యగారు, ప్రభువు బల్ల ఉంటాయి. పెంతెకొస్తు సంఘంలో వందనాలకు బదులు "ప్రైజ్ ది లార్డ్" వినిపిస్తుంది. ఇవి కలగాపులగమైతే క్రైస్తవ పాఠకుడు పదో పేజీ దాటడు. కథోలిక ఆసుపత్రిలో మరో చిక్కు ఉంది: సిస్టర్ అంటే మఠకన్యా కావచ్చు, నర్సూ కావచ్చు. ప్రొటెస్టెంటు ఆసుపత్రిలోనూ ఆ మాట తిప్పలు తక్కువేమీ కాదు, పెళ్ళి నిశ్చయమైన డాక్టరు వార్డులో తన కాబోయే భార్యను "సిస్టర్" అనే పిలవాలి, ఆదివారం గుడిలోనూ ఆమె సిస్టరే. ఈ ఇబ్బందిని వదులుకోకండి, ప్రేమకథలో నవ్వు పుట్టే చోటు అదే.

రెండో మెట్టు: మరణానికి కారణం

ముందు విషాన్ని ఎంచుకుని తరువాత కథను అల్లేవారున్నారు. అంతకంటే, ఎలాంటి సాక్ష్యం మీకు కావాలో తేల్చుకుని, అలాంటి సాక్ష్యాన్ని మిగిల్చే పదార్థాన్ని వెతకడం మేలు. ఉదాహరణకు ఇన్సులిన్‌ను తీసుకోండి. శరీరం తానే ఇన్సులిన్ తయారు చేసుకున్నప్పుడు సీ-పెప్టైడ్ అనే తోడు పదార్థం కూడా రక్తంలోకి వస్తుంది, సూదితో ఎక్కించినప్పుడు అది రాదు. ఇన్సులిన్ ఎక్కువగా, సీ-పెప్టైడ్ తక్కువగా ఉన్న రిపోర్టు గొప్ప ఆధారమే, కానీ ఆ రక్తం మనిషి బ్రతికుండగా తీసినదై ఉండాలి. మరణం తరువాత రక్తంలో చక్కెర దానంతటదే పడిపోతుంది గనుక, శవంలో చక్కెర తక్కువగా ఉందని డిటెక్టివు ఎగిరి గంతులేసే సన్నివేశం రాస్తే, చదివే డాక్టరు పుస్తకం మూసేస్తాడు.

మన కథకు నేను పచ్చ గన్నేరును ఎంచుకుంటాను, అది ఆ ఆసుపత్రి కాంపౌండులోనే పూలు రాల్చే చెట్టు. దాని గింజల్లో గుండెమీద పనిచేసే గ్లైకోసైడులు ఉంటాయి. వాంతులు, నాడి బాగా మందగించడం, గుండెలోని విద్యుత్ సంకేతం మధ్యలో తెగిపోయే హార్ట్ బ్లాక్, రక్తంలో పొటాషియం పెరగడం దాని లక్షణాలు. ఈ నవలకు ప్రాణం పోసే విషయం ఇంకొకటుంది. గుండె జబ్బుకు వాడే డిగాక్సిన్ ఎంతుందో కొలిచే మామూలు రక్తపరీక్ష, గన్నేరు విషాన్ని కూడా డిగాక్సిన్ అనే పొరబడి చూపించగలదు. అనుమానం కలిగిన కుర్ర డాక్టరు 5 గంటలకు తీసిన రక్తాన్ని నగరంలోని ల్యాబుకు కొరియరులో పంపుతాడు. అంత్యక్రియలు ముగిసిన నాలుగో రోజున, ఎన్నడూ డిగాక్సిన్ రాయని రోగి రక్తంలో డిగాక్సిన్ ఉన్నట్టు రిపోర్టు వస్తుంది. వార్డు అల్మరాలో డిగాక్సిన్ మాత్రలున్నాయి, తాళం చెవి నైట్ డ్యూటీ నర్సు జేబులో ఉంది. అనుమానం ఆమెమీద పడటానికి ఇక రచయిత వేలెత్తి చూపనక్కర లేదు. అది మాత్ర కాదు, చెట్టు అని తేలడానికి మరింత నిక్కచ్చి పరీక్ష కావాలి, ఆ రెండో రిపోర్టు వచ్చేవరకు కథ నడుస్తుంది.

ఒక కట్టుబాటు మాత్రం పెట్టుకోండి. మన పల్లెల్లో మనస్తాపంతో గన్నేరు గింజలు మింగేవారు నిజంగానే ఉన్నారు. ఎంత మోతాదు, ఎలా కలిపారు, చేదు ఎలా కప్పారు అన్నది రాయవద్దు. "రాత్రి 9 గంటలకు ఒక ఆత్మీయుడు ఫ్లాస్కులో కషాయం తెచ్చాడు" అంటే చాలు.

మూడో మెట్టు: అబద్ధపు అంకె ఏం చేస్తుందో లెక్క వేసుకోవడం

ఇక్కడ కాగితం తీసుకుని గంటలవారీగా గీత గీయండి. కషాయం తెచ్చిన మనిషి పది గంటల రైలుకు ఊరు దాటాడు. రెండు గంటలకు నాడి 76 ఉన్నమాట నిజమైతే విషం ఆ తరువాత పడింది, అప్పుడు వార్డులో ఉన్నది నర్సు ఒక్కతే. ఆ గడి నిజానికి ఖాళీ అయితే సాయంత్రం వచ్చినవారందరూ అనుమానితులే. అంటే ఆమె ఆడిన చిన్న అబద్ధం హంతకుడికి రక్షణగా నిలిచి, ఆమెనే నిందితురాలిగా నిలబెడుతోంది. నిజం చెబితే, తప్పించుకోవడానికి మాట మారుస్తోందంటారు. పైగా ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే జైలు. ఉత్కంఠ అంటే చీకటి కారిడారులో బూట్ల చప్పుడు అనుకునేవారు ఈ గీత ముందు పది నిమిషాలు కూర్చోవాలి.

డాక్టరు చేతులూ శుభ్రంగా ఉండకూడదు. ఆసుపత్రిలో చనిపోయినవారికి మరణ కారణాన్ని ధ్రువీకరిస్తూ డాక్టరు ఫారం 4 నింపాలి. అనుమానం ఉన్నా, పెద్ద డాక్టరు "వయసు మీరిన మనిషి, హార్ట్ ఎటాక్ అని రాసెయ్యవయ్యా, మన కాంపౌండులోకి పోలీసులెందుకు" అంటే తలవంచి సంతకం పెట్టాడు. ఇప్పుడు ఇద్దరికీ చెరో అబద్ధపు కాగితం ఉంది, ఒకరి కాగితం సంగతి మరొకరికి తెలియదు.

నాలుగో మెట్టు: చట్టం, సమాధి

క్రైస్తవ నవలకు హత్యా రహస్యం ఎందుకు అంత సహజంగా కుదురుతుందో చాలామంది ఆలోచించరు. క్రైస్తవులు సాధారణంగా శవాన్ని పూడ్చిపెడతారు, అందువల్ల సాక్ష్యం మట్టిలో మిగిలే ఉంటుంది. దహనంతో ముగిసిపోయే అవకాశం ఇక్కడ రెండోసారి తెరుచుకుంటుంది. సమాధిని తవ్వి శవాన్ని బయటికి తీయడానికి మెజిస్ట్రేటు ఉత్తర్వు కావాలి, మన రాష్ట్రాల్లో ఎక్కువగా తహసీల్దారు ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేటు హోదాలో దగ్గరుండి జరిపిస్తారు. మన దేశంలో ఇందుకు ఇన్నేళ్ళ లోపల అనే గడువు లేదు. తెల్లవారుజామునే పని మొదలుపెడతారు. పెట్టె పైన, కింద, పక్కల ఉన్న మట్టిని, దూరంనుంచి మరికొంత మట్టిని నమూనాగా తీస్తారు, మట్టిలోని పదార్థమే శవంలోకి చేరిందన్న వాదన రాకుండా. కాలేయం, మూత్రపిండాలు, పొట్ట వంటి అవయవ భాగాలను గట్టి ఉప్పు నీటి ద్రావణంలో భద్రపరిచి ఫోరెన్సిక్ ల్యాబుకు పంపుతారు; ఫార్మలిన్‌లో వేశారని రాస్తే కేసు అక్కడే పాడైపోయినట్టు లెక్క. ల్యాబు రిపోర్టుకు నెలలు పట్టవచ్చు, కనుక మీ కథ ఆ రిపోర్టుకోసం ఎదురుచూడకుండా తిరగాలి.

కథాకాలాన్ని బట్టి సెక్షన్లు మారతాయి. 2024 జూలై 1నుంచి కొత్త చట్టాలు అమలులోకి వచ్చాయి. అనుమానాస్పద మరణంపై పోలీసు విచారణ అంతకుముందు పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) 174 కింద జరిగేది, ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 194 కింద జరుగుతోంది. నిర్లక్ష్యం కేసులో డాక్టరును నేరుగా అరెస్టు చేయించే ముందు 2005 నాటి జేకబ్ మాథ్యూ తీర్పును చదవండి. స్వతంత్రుడైన మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోకుండా అలాంటి ఫిర్యాదుపై ముందుకు వెళ్ళవద్దని సుప్రీంకోర్టు అందులో చెప్పింది. మరొక చిన్న సంగతి: విచారణలో పోలీసులు రాసుకునే వాంగ్మూలంమీద సాక్షి సంతకం తీసుకోకూడదు. నవలల్లో, సినిమాల్లో అందరూ సంతకాలు పెట్టేస్తుంటారు.

ఐదో మెట్టు: అపరాధి, రెండు పేర్లు, మూడు ఆదివారాలు

అపరాధిని వేషధారిగా చిత్రించడం తేలిక, అందుకే అది చప్పగా ఉంటుంది. అతడు నిజంగానే ప్రార్థించే మనిషై ఉండాలి. ఆసుపత్రి కోశాధికారి అనుకుందాం. విదేశాలనుంచి వచ్చే డబ్బు తగ్గిపోయి నర్సులకు జీతాలు ఆగినప్పుడు, కాంపౌండు స్థలంలో కొంత భాగాన్ని గుట్టుగా దీర్ఘకాలపు లీజుకు ఇచ్చి ఆసుపత్రిని నిలబెట్టాడు. మొదట తప్పనిసరై చేసింది తరువాత దాచవలసినదైంది. ఆ స్థలం పాత దస్తావేజులో సాక్షిగా ఉన్న రిటైర్డు కాంపౌండరే మంచం మీది ముసలాయన.

ఆ సాక్షి ఈయనేనని నర్సుకు వెంటనే తెలియకూడదు. అందుకు తెలుగు క్రైస్తవ జీవితంలోనే ఒక దారి ఉంది. చాలామందికి సర్టిఫికెట్లలో ఒక పేరు, గుడిలో ఒక పేరు ఉంటాయి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవులైన దళితులకు ఎస్సీ హోదా వర్తించదు, మన రెండు రాష్ట్రాల్లో వారు బీసీ-సీ వర్గంలోకి వస్తారు. పేర్ల వెనుక ఇలాంటి బరువులెన్నో ఉంటాయి. కేస్ షీటులో నాగేశ్వరరావు, దస్తావేజులో దానియేలు. రెండూ ఒకరివేనని చెప్పగలిగేది చర్చి వెస్ట్రీలో, అంటే రిజిస్టర్లు దాచే పక్క గదిలో, చెదలు పట్టిన బాప్తిస్మపు రిజిస్టరు. ఈ రెండు పేర్ల సంగతిని మోసంగానో సిగ్గుపడవలసినదిగానో రాయకండి. ఆయన బ్రతికిన తీరు అది, అంతే.

ప్రేమకథకు వేరే గడియారం అక్కరలేదు. చర్చి పెళ్ళికి ముందు వరుసగా మూడు ఆదివారాలు వధూవరుల పేర్లు చదివి, ఈ వివాహానికి ఎవరికైనా అభ్యంతరం ఉంటే తెలియజేయాలని అయ్యగారు ప్రకటిస్తారు. మొదటి ఆదివారంనాటికి సమాధి మట్టి ఇంకా ఆరలేదు. రెండో ఆదివారంనాటికి ఊరంతా రిపోర్టు సంగతి పాకింది, ప్రకటన చదువుతుండగా స్త్రీల వరుసలో గుసగుస మొదలవుతుంది. మూడోది చదువుతారా లేదా అన్నదే పాఠకుణ్ణి పేజీ తిప్పించాలి. ప్రణయ సన్నివేశాల విషయంలో సంయమనం ఈ రకం నవలకు మర్యాద, అది లోపం కాదు. బైబిలులోని రూతు కథలో, తరువాత ఆమెను పెళ్ళాడే బోయజు కళ్ళంలో ఆమెకు కొలిచి ఇచ్చిన యవలను గుర్తు చేసుకోండి. మీ డాక్టరు నైట్ డ్యూటీ చివర ఆమె ఫ్లాస్కులో టీ మిగిల్చి వెళ్ళడం అంతటి పని చేస్తుంది.

ఆరో మెట్టు: విశ్వాసాన్ని ఎక్కడ పెట్టాలి

బైబిలు ఈ రచయితకు ఉపదేశాల సంచి కాదు, ఈ విద్యలో ముందు నడిచిన గ్రంథం. రాజుల రెండో గ్రంథం 8వ అధ్యాయంలో రోగిగా మంచం పట్టిన సిరియా రాజు బెన్హదదుకు, నీవు బాగుపడతావని ఆయన కొలువులోని హజాయేలు కబురు చెబుతాడు. మర్నాడు ముతక బట్టను నీటిలో ముంచి ఆయన ముఖంమీద పరుస్తాడు, రాజు చనిపోతాడు. రోగి హత్యను అంత క్లుప్తంగా రాయడం ఎలాగో అక్కడ నేర్చుకోవచ్చు. రక్తస్రావంతో బాధపడిన స్త్రీ అనేకమంది వైద్యుల చేతుల్లో ఎన్నో తిప్పలు పడి, ఉన్నదంతా ఖర్చు చేసి, ఇంకా క్షీణించిందని మార్కు నిర్మొహమాటంగా రాస్తాడు. వైద్యుడని పేరున్న లూకా అదే కథను కొంచెం మెత్తగా చెబుతాడు. వృత్తి అభిమానమేమోనని నాకు ఎప్పుడూ అనుమానం. మీ పెద్ద డాక్టరు పాత్రకు ఈ రెండు సువార్తల మధ్య తేడాయే ఒక మంచి సంభాషణ అవుతుంది.

ఇక ప్రార్థన. తెలుగు క్రైస్తవుడు మాట్లాడే భాష వేరు, ప్రార్థించే భాష వేరు. "ఏందయ్యా ఈ జీతాల గోల, నెల తిరిగి పది రోజులాయె" అని గుంటూరు యాసలో విసుక్కున్న కోశాధికారే, ఉదయ ప్రార్థనలో కళ్ళు మూసుకుని "పరలోకమందున్న మా తండ్రీ, నీ దాసులమైన మా మీద నీ కృపను కుమ్మరించుము" అంటాడు. ఆ గ్రాంథికం అతనికి అరువు భాష కాదు, తాతల కాలంనుంచి వచ్చిన ఇంటి భాష. హత్య జరిగిన మర్నాటి ఉదయం అదే మనిషి ప్రార్థనలో ఒక్కసారి వ్యవహారంలోకి జారి, "నాకు నిద్ర పట్టట్లేదు ప్రభువా" అంటే, చురుకైన పాఠకుడి చెవి నిక్కబొడుచుకుంటుంది. ఇంతకంటే మంచి ఆధారాన్ని నేను ఇంతవరకు చూడలేదు.

నర్సు ప్రార్థన అపరాధి పేరు బయట పెట్టకూడదు, రెండో రిపోర్టును తొందరగా రప్పించకూడదు. ఆమెకు నిజం తెలిసిన తరువాత దాన్ని చెప్పే ధైర్యాన్ని మాత్రమే ఇవ్వాలి, అదీ ఒక్కరోజులో కాదు. రెండు అధ్యాయాలపాటు ఆమె ప్రార్థించలేకపోవడం రాయండి. చాపెల్‌లో అందరితోపాటు కీర్తన పాడుతూ, ఒక చరణం దగ్గర పెదవులు కదపడం ఆపేస్తుంది, పక్కన నిలబడ్డ ఆయా ఆమెవైపు ఒకసారి చూసి పుస్తకంలోకి తల దించుకుంటుంది.

ఏడో మెట్టు: చేతిరాతను సరిచూపించడం, చివరి సన్నివేశం

రాత ముగిశాక ముగ్గురికి చదివించండి: వార్డులో పనిచేసిన ఒక నర్సుకు, పోస్ట్‌మార్టం రూము తెలిసిన ఒకరికి, మీరు ఎంచుకున్న సంఘంలోనే పెరిగిన ఒక పెద్దావిడకు. డాక్టరు కంటే నర్సు చెప్పే తప్పులే ఎక్కువగా పనికొస్తాయి. హ్యాండోవరు ఎన్ని గంటలకు జరుగుతుందో, తప్పు పడిన అంకెను వైట్‌నరుతో చెరపకుండా ఒక్క గీత కొట్టి పక్కన సంతకం ఎలా పెడతారో ఆమెకు తెలుసు.

చివరి సన్నివేశం దగ్గర ఒక ఆకర్షణ మిమ్మల్ని లాగుతుంది. మూడో ఆదివారం అయ్యగారు "అభ్యంతరమున్నవారు" అనగానే పెళ్ళికూతురే లేచి నిలబడి, గుడినిండా జనం ముందు నిజం ఒప్పుకోవడం. నేనూ ఒకసారి అలాగే రాసి, మురిసిపోయి, తరువాత చింపేశాను. ఆమె ఆ అబద్ధాన్ని గుడిలో ఆడలేదు, డ్యూటీలో ఆడింది, కాగితంమీద పెట్టింది. కేస్ షీటు అప్పటికే పోలీసుల దగ్గర ఉంది కనుక అందులో గీత కొట్టే దారి లేదు. సూపరింటెండెంటుకు చేతిరాతతో ఉత్తరం రాయాలి, నకలు ఎస్సైకి. శనివారం రాత్రి డ్యూటీ రూములో ఆమె రాయడం మొదలుపెట్టాక డాక్టరు లోపలికి వచ్చి, ఏమిటని అడగకుండా, ఎదురుగా కూర్చుని తన ఫారం 4 సంగతి రాయడానికి తెల్లకాగితం తీసుకోవాలి. ఎవరూ ప్రార్థన చేయకూడదు, వాక్యం చెప్పకూడదు, చెయ్యి పట్టుకోకూడదు. బల్లమీద పెన్ను మాత్రం ఒక్కటే ఉంచండి. ఆమె ఒక పంక్తి రాసి ఇస్తుంది, ఆయన ఒక పంక్తి రాసి తిరిగి ఇస్తాడు.